టేపు చుట్టిన అతుకు

పిల్లలూ, మా పెద్దవాడి మోటార్‌సైకిలు వెనక లైటు వైరు తెగితే నిరుడు నేనే అతికాను. చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో చూసిన పద్ధతే. పంటితో ఒలిచి, రెండు కొసలూ మెలేసి, నల్ల టేపు చుట్టడం. (మీరు మాత్రం పన్ను పెట్టకండేం!)

మొన్న రాత్రి న్యూజెర్సీ రూట్ 1 మీద వాడు బండి మీద ముందు, నేను కారులో వెనక. ఉన్నట్టుండి ఎర్ర దీపం మాయమైంది. నా హెడ్‌లైట్ల వెలుగు పడేదాకా వాడు నాకే కనబడలేదు. నా గుండె జారిపోయింది. ఇంటిదాకా ఎవరినీ మధ్యలోకి రానివ్వలేదు.

పొద్దున్నే టేపు విప్పితే జిగురు కారిపోయి, రాగి పోచలకు చిలుము పట్టింది. చలికాలం ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు సంగతి ఆటోనగర్‌కేం తెలుసు? చిలుము కరెంటుకు అడ్డం. 12 వోల్టుల బండిలో 55 వాట్ల హెడ్‌లైటు సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. అతుకులో 0.2 ఓముల అడ్డుంటే దాదాపు ఒక వోల్టు అక్కడే వేడిగా పోతుంది.

ఈసారి ఇద్దరం కూర్చున్నాం. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీశాం. జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వైరుకు ఎక్కించి, పోచ తెగకుండా పావంగుళం ఒలిచాం. 18 గేజి వైరుకు ఎర్ర కనెక్టరు, రాచెట్ క్రింపరు. సోల్డర్ చేద్దామన్నాను.

"వద్దు నాన్నా, సోల్డర్ పాకినచోట పోచలు బిరుసెక్కి, ఇంజను అదురుకు ఆ అంచునే తెగుతాయి" అన్నాడు.

గొట్టం వేడి చేసేముందు లాగి చూశాం. వాడు నొక్కింది కదల్లేదు. నాది ఊడి చేతికొచ్చింది. మళ్ళీ కోసి వేశాను.