మారింది హెడ్‌ఫోనా, మన చెవా?



కొత్త హెడ్‌ఫోన్లు కొన్నవారు తరచుగా ఒక మాట అంటుంటారు: "మొదట్లో శబ్దం గరుకుగా ఉండేది. పది రోజులు వాడాక మెత్తబడింది." అందుకోసం వాటిని యాభై గంటలో, వంద గంటలో మోగించాలని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. నా అభిప్రాయం వేరు. ఆ మార్పులో అధిక భాగం హెడ్‌ఫోన్‌లో కాదు, వినేవారిలోనే జరుగుతుంది.

పరికరం అసలే మారదని నేను అనను. చెవిని కప్పే మెత్తలు అణిగి, చెవికి ఆనుకునే తీరు మారితే మంద్రస్వరాల్లో తేడా వస్తుంది. చెవిలో పెట్టుకునే వాటి జాలీకి గులిమి పడితే శబ్దం తగ్గుతుంది. లోపలి పల్చని పొర వాడకంతో కాస్త సడలినా, ఆ తేడా సాధారణంగా చాలా స్వల్పం.

మెదడు మాత్రం వేగంగా మారుతుంది. మా బాన్సువాడ ప్రాంతంలో వరి ఎక్కువ, రైసు మిల్లులూ ఎక్కువే. మిల్లులో కొత్తగా చేరినవారికి ఆ హోరు మొదట భరించరానిదిగా ఉంటుంది. కొన్నాళ్ళకు "అలవాటైపోయింది సార్" అంటారు. యంత్రాల శబ్దం ఏమీ తగ్గలేదు. మెదడు దానిని పట్టించుకోవడం మానివేసింది, అంతే.

అయితే ఆ "అలవాటు" వెనుక మరొకటి కూడా దాగి ఉండవచ్చు. అది వినికిడి లోపం. వైద్యునిగా నన్ను కలవరపెట్టేది అదే.

లోపలి చెవిలో, నత్తగుల్ల ఆకారంలోని కాక్లియాలో, సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. పెద్ద శబ్దం చాలాసేపు వింటే అవి అలసిపోతాయి. కొన్ని గంటలపాటు అంతా మందంగా వినిపిస్తుంది, చెవిలో హోరు రావచ్చు. విశ్రాంతినిస్తే చాలావరకు కోలుకుంటాయి. పదే పదే అలసిపోతే నశిస్తాయి. నశించినవి మనిషిలో తిరిగి పుట్టవు. సాధారణంగా ముందు దెబ్బతినేది హెచ్చుస్థాయి స్వరాలను వినే శక్తి. కీచుదనం తగ్గి శబ్దం "మెత్తబడినట్లు" తోచడానికి అదీ ఒక కారణం కావచ్చు. అప్పుడు నష్టాన్నే నాణ్యతగా పొరబడతాము.

సందేహముంటే రెండు పరీక్షలు చేసుకోండి. ఒక వైపు శబ్దం తగ్గినట్లుంటే, కుడి ఎడమలను మార్చి పెట్టుకోండి. లోపం హెడ్‌ఫోన్‌తోపాటు రెండవ చెవికి మారితే తప్పు పరికరానిది. అదే చెవిలో నిలిచిపోతే తప్పు చెవిది. రెండవది, రెండు రోజులు హెడ్‌ఫోన్లను పక్కనబెట్టి, చెవులకు విశ్రాంతినిచ్చి, అదే పాటను అదే స్థాయిలో వినండి. మునుపటికన్నా స్పష్టంగా వినిపిస్తే, అలసినది మీ చెవే కావచ్చు.

పెద్దలకు 80 డెసిబెల్‌ల శబ్దం వారానికి 40 గంటలకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ వ్యవధి సగమవుతుంది. అంటే 90 డెసిబెల్‌ల వద్ద వారం మొత్తానికి సుమారు నాలుగు గంటలే.

మాట వినిపిస్తున్నా అర్థం కాకపోయినా, చెవిలో హోరు తగ్గకపోయినా, చెవి వైద్యుని కలిసి ఆడియోమెట్రీ చేయించుకోండి. ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే ఆ రోజే వెళ్ళండి. హెడ్‌ఫోన్ పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. రోమకణాలు ఏ దుకాణంలోనూ దొరకవు.