చేగొడ్డలి పందెములు

ఆయుధము ఆటవస్తువగుట లోకమునకు శుభసూచకమని మేము తలంతుము. ఒకనాడు నరశరీరముపై ప్రయోగింపబడిన కత్తియు గొడ్డలియు నేడు కొయ్యదిమ్మెపై ప్రయోగింపబడుచున్నవన్న నంతకంటె కావలసిన దేమి? అమెరికా సంయుక్త రాష్ట్రములందును, కెనడాయందును కత్తిని, టామహాకను చేగొడ్డలిని గురికి విసరు పందెములు జరుగుచున్నవి. ఈ వినోదము దూరదేశపుదే యైనను, ఆ గొడ్డలి పిడిని బట్టి చూచిన ఒక జాతి చరిత్ర కానవచ్చును. కావుననే దీనినిగూర్చి ప్రస్తావించుచున్నాము.

టామహాకను పేరే ఆదిమవాసులది. వర్జీనియా తీరమున వసించిన ఆల్గాంకిన్ భాషీయులనుండి 17వ శతాబ్దిలో ఇంగ్లీషువారు దానిని గ్రహించిరి. తొలుత రాతితల గల యా సాధనమునకు ఐరోపా వర్తకులు ఇనుపతలను సమకూర్చి, బొచ్చుతోళ్లకు మారుగా అమ్మిరి. ఒకవైపున వాదర, వేరొకవైపున పొగాకు చిలుము గల గొడ్డలులను గూడ చేయించి సంధివేళల కానుకలుగా నిచ్చిరి. యుద్ధమును శాంతియును ఒక్క పిడికే యమర్చిన ఆ వస్తువు నిచ్చినవారు యుద్ధమునందు చూపిన నిష్ఠ సంధియందు చూపరైరి. 1830లో చేసిన శాసనమువలన తూర్పుదేశపు జాతులు మిసిసిపీనదికి ఆవలకు తరలింపబడిరి. 1838, 1839 సంవత్సరములలో చెరోకీలు ఆ ప్రయాణమున వేలకొలది ప్రాణములు కోల్పోయిరి.

నేటి పందెములకు ఒరవడి రాకీ పర్వతప్రాంతమున 1825 మొదలు 1840 వరకు జరిగిన వేసవి సంతలు. బీవరను జంతువులను వేటాడువారు, వర్తకులు, ఆదిమవాసులు అచ్చట గూడి సరకులు మార్చుకొనెడివారు. నేడు ఆనాటి వేషములు ధరించి, ఆనాటి పరికరములతో గురిచూచుట ఒక వేడుకయైనది. 2006లో టొరంటో నగరమున ఒక పెరటిలో నారంభమైన గొడ్డలి విసరు ఆట ఇపుడు పెక్కు పట్టణములకు వ్యాపించినది.

ఇందు బలముకంటె కొలత ప్రధానము. విసరిన గొడ్డలి గాలిలో తన చుట్టు తాను తిరుగును. ఒక్క చుట్టు ముగియుసరికి వాదర కొయ్యను తాకవలయును. అందులకు సుమారు 12 మొదలు 15 అడుగుల దూరము పట్టును. అడుగు ముందైనను వెనుకైనను పిడియో మడమయో తగిలి గొడ్డలి నేలపాలగును. అడ్డముగా కోసిన మ్రాను ముక్కను, దాని నారలు విసరువాని కెదురుగా నుండునట్లు నిలిపెదరు. వాదర వాని నడుమ నాటుకొనును. నాటని దెబ్బకు లెక్కలేదు. కొయ్యపై గ్రుచ్చిన పేకముక్కను చీల్చుటయు ఒక పరీక్షయే. మణికట్టు కదల్పక, తొందరపడక, ఒకే తీరున చేయి విడుచువాడే గెలుచును. గురికిని జనమునకును నడుమ ఎడముంచుట, అందరును విసరిన పిదపనే ఆయుధములు తెచ్చుకొనుట తప్పనిసరి. ఇట్టి యాట క్రౌర్యమును పెంచునను వాదము మాకు సమ్మతము గాదు. నియమమునకు లొంగిన ఆయుధము మనస్సును గూడ నియమమునకు లొంగదీయును.

మా యాక్షేపణ వేరొకటి. విద్యను గ్రహించి విద్య నిచ్చినవారిని వెక్కిరించుట తగునా? అట్లాంటా నగరపు బేస్‌బాల్ జట్టు అభిమానులు 1991నుండియు చేతులను గొడ్డళ్లవలె ఆడించుచు కేకలు వేయుట వాడుక చేసికొనిరి. 2019లో ఎదుటిజట్టున ఆడుచుండిన రయన్ హెల్స్‌లీ యను చెరోకీ యువకుడు అది తన జాతిని కించపరచునదని చెప్పగా, జట్టు యజమానులు ఆ యొక్క ఆటకుమాత్రము నురుగు గొడ్డళ్లను పంచుట మానిరి. ఒక్కదినపు మర్యాద మర్యాద యగునా?

లాక్రాస్ కథయు నిట్టిదే. ఆ యాటను లోకమున కిచ్చినవారిలో హోదెనోషోనీ ప్రజ లగ్రగణ్యులు. 1990నుండి ప్రపంచపు పోటీలలో తమ పేరనే యాడుచున్నారు. 2028 ఒలింపిక్ క్రీడలలో ఆ యాటను చేర్ప 2023లో నిర్ణయింపబడినది. కాని, ప్రత్యేక జాతీయ ఒలింపిక్ సంఘము లేనివారు తమ జట్టును పంపరాదను సమాధానము వారికి దొరకినది. ఆట గ్రాహ్యమైనది, ఆటనిచ్చినవారు అగ్రాహ్యులైరి!

ఇందు మనకును పాఠము గలదు. 1878 నాటి ఆయుధశాసనము జనుల చేతినుండి ఆయుధములను లాగివేసినపుడు మనమును అవమాన మెరిగినవారమే. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడచిన మన్యవాసుల విల్లమ్ములను నేడు మనము సగర్వముగా స్మరించుచున్నాము. అయినను ఆ విల్లు పట్టినవారి మనుమలను మన పట్టణ క్రీడోత్సవములకు వేషములు వేసి యాడుటకు పిలుచుచున్నామా, గురువులుగను న్యాయనిర్ణేతలుగను పిలుచుచున్నామా? ఈ ప్రశ్నను మన వ్యాయామసంఘములు తమకు తామే వేసికొనవలయును.

పందెములు జరుగవలయును, యువకుల కన్ను, చేయి, ధైర్యము పదునెక్కవలయును. కాని బహుమాన పీఠముపై మొదటి యాసనము ఆ విద్యను కాపాడి యిచ్చిన జాతికి దక్కవలయును. గొడ్డలి గురికి తగులుట నేర్పు; ఋణము గుర్తుండుట సంస్కారము. రెండవది లేని మొదటిదానిని మేము విజయమని యనజాలము.