శత్రువు అంగీ

కడవెండిలో, తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రాణమిచ్చిన దొడ్డి కొమరయ్య స్తూపముంది. బైరాన్‌పల్లిలో బురుజు ఇంకా నిలబడే ఉంది. జనగామ నుంచి అటు మానుకోట, ఇటు భూపాలపల్లి పోతుంటే దారి పక్కన ఎర్ర స్తూపాలు కనిపిస్తూనే ఉంటాయి. పోయినవాళ్ల పేర్లు రాతిలో చెక్కుకున్నాం. జనగామలో వీటికి తోడుగా ఒక మ్యూజియం రావాలి. అందులో, అద్దాల పెట్టెలో, నిజాం కోసం ఊళ్ల మీద పడ్డ ఒక రజాకార్ ఖాకీ అంగీ ఉండాలి.

"మనోళ్లను చంపినోడి బట్టకు అద్దాల పెట్టెందుకే?" అని ఒక దోస్తు మొహమ్మీదే అడిగాడు. ఆ కోపంలో న్యాయముంది. వడిసెల రాళ్లతో, నాటు తుపాకులతో బురుజెక్కి కాచుకున్న ఊరు బైరాన్‌పల్లి. 1948 ఆగస్టు 27న రజాకార్లు అక్కడ తొంభై మందికి పైగా ప్రాణాలు తీశారు.

అయినా ఆ అంగీ కావాలనే అంటాను. కాలరు లోపలి అంచున చెమట మరక ఉంటుంది. ఊడిన గుండీ చోట వేరే రంగు గుండీ ఉండొచ్చు. దాన్ని ఇంట్లో ఎవరో కూర్చుని కుట్టి ఉంటారు. ఆ దారం చూసిన పిల్లకు, ఊరు తగలబెట్టినవాడు కూడా పొద్దున్నే అంగీ తొడుక్కుని ఇంట్లోంచి బయల్దేరాడని తెలుస్తుంది. నాకైతే బురుజు కంటే ఆ దారమే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

రజాకార్ అన్న మాటను ఇవాళ ఒక మతం మొత్తానికి అంటగడుతున్నారు. కానీ బైరాన్‌పల్లికి ఐదు రోజుల ముందే హైదరాబాద్‌లో రజాకార్ల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నది ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి, చివరికి ప్రాణమిచ్చిన బందగీ మన కామారెడ్డిగూడెం రైతే. ఆ అంగీ పక్కనే వీళ్లిద్దరి కథా రాసి పెట్టాలి.

శత్రువు వస్తువును దాచిపెట్టడం కొత్తేమీ కాదు. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖ మీద వేసి, పేలకుండా మిగిలిన బాంబును అక్కడి మ్యూజియంలో పెట్టారు. దాన్ని చూసినందుకు ఎవరికీ జపాన్ సైన్యం మీద ప్రేమ పుట్టలేదు.

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాక రజాకార్ అంగీలు తొడుక్కున్నవాళ్లే వాటిని వదిలించుకుని ఉంటారు. పోరాట దళాల చేతికి చిక్కినవీ ఉండొచ్చు. మీ తాత సందూగ అడుగున అలాంటిది దొరికితే పారెయ్యకండి. ఉతకొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు, మరకే సాక్ష్యం. హ్యాంగరుకు తగిలిస్తే బరువుకు భుజాల దగ్గర చినుగుతుంది. ఎండ తగలని చోట పరిచిపెట్టండి. అది ఇంటికెట్లా వచ్చిందో తాత చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసి, దాంతోపాటే ఉంచండి.