కార్గిల్ నుంచి కర్నూలు దాకా

1999 మే మొదట్లో బటాలిక్ కొండల్లో తప్పిపోయిన యాక్‌ను వెతుక్కుంటూ వెళ్లిన తాషి నామ్‌గ్యాల్ అనే కాపరి, శిఖరం మీద తవ్వకాలు సాగిస్తున్న కొత్త మనుషులను చూసి సైన్యానికి కబురందించాడు. శత్రువు మన గడ్డ మీద తిష్ఠ వేశాడని తెలిసింది అలాగే. అదే నెల 21న ఫొటోల కోసం వెళ్లిన కాన్‌బెరా విమానానికి క్షిపణి తగిలింది. దెబ్బతిన్న ఇంజన్‌తో ఎలాగో వెనక్కి వచ్చింది. కొండ అవతల ఏముందో చూసి రావడానికి కూడా ప్రాణాలొడ్డాల్సిన రోజులవి. ఈ నిఘా లోటును, యుద్ధంపై సమీక్ష జరిపిన సుబ్రహ్మణ్యం కమిటీ తన నివేదికలో ఎత్తిచూపింది. ఏటా కార్గిల్ విజయ్ దివస్ జరుపుకుంటాం. ఆ లోటు ఎంతవరకు తీరిందని అడగాల్సిన రోజు కూడా ఇదే.

చూడటం వరకైతే చాలావరకు తీరింది. ఇజ్రాయెల్ హెరాన్ డ్రోన్లు ఏళ్ల తరబడి మన సరిహద్దులను కాస్తున్నాయి. హైదరాబాద్‌లో తయారైన దృష్టి-10 డ్రోన్ 2024 జనవరిలో నౌకాదళానికి అందింది. అమెరికా నుంచి 31 ఎంక్యూ-9బీలు కొనడానికి అదే ఏడాది అక్టోబరులో సుమారు 32 వేల కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. వీటిలో 15 నౌకాదళానివే. ఒకసారి గాల్లోకి లేస్తే రోజుకు పైగా సముద్రాన్ని గాలించగలవు, ఆయుధాలూ మోయగలవు. అయితే ఈ జాతి డ్రోన్లనే యెమెన్‌లో హౌతీలు ఒకటి తర్వాత ఒకటిగా కూల్చారు. గగనతల రక్షణ గట్టిగా ఉన్న శత్రువు మీదికి ఇంత ఖరీదైన డ్రోన్‌ను పంపడానికి ఏ సేనాని అయినా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

ఇప్పుడు యుద్ధరంగాన్ని శాసిస్తున్నవి చిన్నవి, చవకవి. 2020 కరబాఖ్ యుద్ధంలో అజర్‌బైజాన్ పాత ఆన్-2 విమానాలను పైలట్ లేకుండా ఎరగా పంపింది. వాటి మీద కాల్పులు జరిపి తమ జాడ బయటపెట్టుకున్న ఆర్మేనియా స్థావరాలను హారోప్ ఆత్మాహుతి డ్రోన్లు, టర్కీ బైరక్తార్లు దెబ్బతీశాయి. ఉక్రెయిన్ ఇంకా కిందికి దిగింది. కందకంలో కూర్చున్న సైనికుడు కళ్లకు గాగుల్స్ తగిలించుకుని, కొన్ని వందల డాలర్ల ఎఫ్‌పీవీ డ్రోన్‌ను కోట్ల విలువైన ట్యాంకు మీదికి తోలుతున్నాడు. రేడియో సంకేతాలను జామర్లు అడ్డుకుంటుంటే, డ్రోన్ వెనుక ఆప్టికల్ ఫైబర్ చుట్ట కట్టి వదులుతున్నారు. పది, ఇరవై కిలోమీటర్ల దూరం దారం విప్పుకుంటూ పోతుందది. దాని ముందు ఏ జామరూ పనిచేయదు. ఈ ఎత్తూ పై ఎత్తూ అక్కడ నెలల్లో, ఒక్కోసారి వారాల్లోనే మారిపోతున్నాయి.

చవక డ్రోన్‌ను ఆపడానికి అయ్యే ఖర్చు మరో తలనొప్పి. పదుల వేల డాలర్ల షాహెద్ డ్రోన్‌ను కూల్చడానికి లక్షల డాలర్ల పేట్రియాట్ క్షిపణి వాడటమంటే అక్షరాలా పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. ఆపరేషన్ సిందూర్ వేళ, 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్లకు మూడు, నాలుగు వందల డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వమే చెప్పింది. మన గగనతల రక్షణ ఎక్కడుందో, ఎలా స్పందిస్తుందో రాబట్టడం వాటి పనుల్లో ఒకటి. అందుకే అదే ఏడాది ఏప్రిల్ 13న కర్నూలులో డీఆర్‌డీవో జరిపిన 30 కిలోవాట్ల లేజర్ పరీక్షకు అంత ప్రాధాన్యం. డ్రోన్ల గుంపును అది కిరణాలతో కూల్చింది. ఒక్కో దెబ్బకయ్యే ఖర్చు క్షిపణితో పోలిస్తే నామమాత్రం. మబ్బు, వాన, దుమ్ము పడితే కిరణం బలహీనపడుతుంది కాబట్టి తుపాకులు, జామర్లు ఎలాగూ తప్పవు. డ్రోన్ నుంచి ప్రయోగించే యూఎల్‌పీజీఎం-వీ3 క్షిపణిని పరీక్షించిందీ కర్నూలులోనే.

2025 విజయ్ దివస్ నాడు ద్రాస్‌లో సైన్యాధిపతి జనరల్ ఉపేంద్ర ద్వివేది, పదాతి దళ బెటాలియన్లలో డ్రోన్ ప్లాటూన్లు ఉంటాయని ప్రకటించారు. మంచి నిర్ణయమే. కానీ ఆ ప్లాటూన్ చేతికొచ్చే డ్రోన్‌లో మోటారు, బ్యాటరీ, చిప్ ఎవరివి? చైనా విడిభాగాలున్నాయని 400 రవాణా డ్రోన్ల ఒప్పందాలను సైన్యం అదే ఏడాది రద్దు చేసుకోవాల్సి వచ్చింది. విడిభాగాలు ఇక్కడ బిగిస్తే స్వదేశీ అనిపించుకోవు. పొరుగువాడు సరఫరా ఆపిన మర్నాడే సంగతి బయటపడుతుంది. డ్రోన్లకు ఇచ్చే ప్రోత్సాహకాల్లో సింహభాగం మోటార్లు, బ్యాటరీలు, చిప్‌లు తయారుచేసేవారికి దక్కాలి. టెండరు పిలిచి, పరీక్షలు జరిపి, ఏళ్ల తర్వాత కొనే పద్ధతి యుద్ధవిమానాలకు సరిపోవచ్చు. కానీ ఆ పద్ధతిలో కొన్న డ్రోన్ చేతికొచ్చేసరికి దాన్ని ఆపే ఉపాయం శత్రువు దగ్గర సిద్ధంగా ఉంటుంది. తనకు కావలసిన మార్పును దగ్గర్లోని వర్క్‌షాపులో చేయించుకుని, బిల్లు చెల్లించే అధికారం ఆ ప్లాటూన్ ఉన్న బెటాలియన్‌కే ఇవ్వాలి.