మార్పు భారం ఎవరి భుజాలపైన?

సంస్థలు మారుతున్నాయి. వాటిని నిలబెట్టిన ఉద్యోగుల గతి ఏమిటన్న ప్రశ్న మాత్రం ప్రతిసారీ చిట్టచివరకు వస్తున్నది. 1961లో ఏర్పడిన అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ 2025 జూలై 1న తన కార్యకలాపాలను ముగించింది. వేలాది ఉద్యోగులు కొద్ది నెలల వ్యవధిలో జీవనోపాధి కోల్పోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం నిధులు తరిగిపోగా అదే సంవత్సరం సిబ్బందిని తగ్గించుకున్నది. పరాయి దేశాల పేదరికాన్ని రూపుమాపటానికి ప్రణాళికలు రచించే సంస్థలే తమ ఇంటి మనుషుల విషయానికి వచ్చేసరికి “మార్పుకు అలవాటు పడండి” అన్న ఉపదేశంతో సరిపెట్టుకోవటం విచారకరం. అలవాటు పడటం ఉద్యోగి ఒక్కడే చేయగల పని కాదు. అందుకు తగిన పరిస్థితులను కల్పించవలసిన బాధ్యత యాజమాన్యానిది.

ఆ పరిస్థితులు ఎట్లా ఉండాలో తెలుసుకొనటానికి జెనీవాకో వాషింగ్టనుకో పోనక్కరలేదు. పశ్చిమ రైల్వే మార్గంలోని సూరత్ నగరం మనకు చాలును. తెలుగు నేత కుటుంబాలు దశాబ్దాలుగా మగ్గాలను నమ్ముకొని బ్రతుకుతున్న ఊరది.

1994 సెప్టెంబరులో, వరదనీరు తీసిన తరువాత చెత్తతో నిండిన ఆ నగరంలో ఊపిరితిత్తుల ప్లేగు తలయెత్తింది. యాభై మందికి పైగా మరణించారు. లక్షలాది ప్రజలు ఊరు విడిచిపోయారు. వారిలో ఎక్కువమంది పొట్ట చేతబట్టుకొని వచ్చిన వలస కార్మికులు. ఎందరో ప్రైవేటు వైద్యులు సైతం ఇళ్లకు తాళాలు వేసుకొని వెళ్లిపోయారు. భయంతో పారిపోతున్న ఆ జనాన్ని గమ్యం చేర్చినవి మన రైళ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం వచ్చి పరిశీలించి వెళ్లింది. కాని సూరత్ వీధులను బాగుచేసినవారు బయటినుండి వచ్చిన నిపుణులు కారు.

1995 మే నెలలో శ్రీ సూర్యదేవర రామచంద్రరావు ఆ నగరపాలక సంస్థ కమిషనరుగా బాధ్యతలు స్వీకరించారు. కొత్త చట్టం ఏదీ రాలేదు. ఆయన ప్రధానంగా ఉన్న ఉద్యోగులతోనే పని ఆరంభించారు. నగరాన్ని 6 జోన్లుగా విభజించి, తన అధికారాలలో అనేకం జోను అధికారులకు అప్పగించారు. పై అధికారులు ప్రతిదినం వీధులలో తిరిగి, పని తీరును కళ్లారా చూసిన తరువాతనే సమీక్షకు కూర్చోవాలన్న నియమం పెట్టారు. “ఏ.సి. నుండి డి.సి.కి”, అనగా చల్లని గదులనుండి దైనందిన విధులకు, అన్న మాట అక్కడ ప్రచారంలోకి వచ్చింది. 1996లో ఇన్‌టాక్ సంస్థ చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా సూరత్‌ను పేర్కొన్నది. ఆ కమిషనరు 1997 చివర బదిలీ అయినా పద్ధతి నిలిచిపోయింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణలో ఇండోరుతో కలిసి సూరత్ ప్రథమ స్థానం పొందింది. ఆ బహుమతిని 2024 జనవరిలో అందుకున్నది.

ఈ అనుభవంలో కార్మికులు గ్రహించవలసినది ఒకటున్నది. మార్పు మొదట పై అధికారి దినచర్యను మార్చింది. బురదలో అడుగు పెట్టిన అధికారికి చీపురు పట్టిన మనిషి కష్టం అర్థమవుతుంది. ఏ వీధికి బండి చాలదో, ఎక్కడ మనుషులు తక్కువో కాగితం చెప్పకముందే తెలుస్తుంది. నిర్ణయించే అధికారం జోను స్థాయికి దిగినందున పని జరిగేచోటనే సమస్యకు పరిష్కారం లభించింది. అయితే లోపాన్ని కూడ దాచనక్కరలేదు. క్రమశిక్షణ చర్యలు కఠినంగా సాగాయి. పేరు ప్రతిష్ఠలు కమిషనరుకు దక్కాయి. మురుగు ఎత్తిన పారిశుద్ధ్య కార్మికుల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. 2013 జూలైలో తంతి సేవ ముగిసింది. 2025లో రిజిస్టర్డు పోస్టు స్పీడు పోస్టులో విలీనమయింది. రైల్వేలలో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్, కవచ్ వంటి వ్యవస్థలు విస్తరిస్తున్నాయి. ప్రమాదాలను నివారించే యంత్రాన్ని ఏ రైల్వే కార్మికుడూ వ్యతిరేకించడు. ముప్పది ఏళ్లు లీవరు లాగిన చేతికి కొత్త బల్లముందు కూర్చునేందుకు శిక్షణ ఎన్ని దినాలు? ఆ దినాలలో అతని డ్యూటీ ఎవరు చేస్తారు? పోస్టు రద్దయితే అతని సీనియారిటీ ఏమవుతుంది? మన ప్రశ్నలు ఇవి.

చట్టం మనకు ఇచ్చిన రక్షణ స్వల్పం. పని నిబంధనలు మార్చే ముందు 21 దినాల నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 9-ఎ సెక్షను నిర్దేశించింది. కాని కేంద్ర సర్వీసు నిబంధనలకు, రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ కోడుకు లోబడినవారిని అదే సెక్షను మినహాయించింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడు అమలులోకి వచ్చింది. సాంకేతిక కారణాలతో తొలగింపులు తలపెట్టినపుడు కార్మిక ప్రతినిధులతో ముందుగా సంప్రదించాలని చెప్పే 1982 నాటి ఐ.ఎల్.ఓ. 158వ ఒడంబడికను మన దేశం ఆమోదించలేదు. కనుక 1952 నుండి రైల్వేలలో ఉన్న పి.ఎన్.ఎం., 1966లో ఏర్పడిన జె.సి.ఎం. మనకు ముఖ్య ఆయుధాలు.

మార్పును ప్రకటించకముందే ఆ వేదికలపై చర్చించాలి. శిక్షణను డ్యూటీగా పరిగణించాలి. పోస్టు పోయినా మనిషి పోకూడదు. వేతనం, సీనియారిటీ చెక్కుచెదరకూడదు. కొత్త పద్ధతిని ఆజ్ఞాపించే అధికారి కొంతకాలం ఆ కౌంటరులోనో, ఆ క్యాబిన్‌లోనో కూర్చొని చూడాలి. ప్రతి శాఖా సంఘం తమ కార్యాలయంలో రానున్న మార్పుల పట్టికను, శిక్షణ అందని సభ్యుల జాబితాను తయారుచేసి రాబోయే సమావేశానికి తీసుకొనిరావాలని కోరుతున్నాము. మన దగ్గర లెక్క ఉంటేనే వారు మన మాట వింటారు.