మాటల మూట: మకాన్, ఘర్, మస్కన్

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లోని మన ముస్లిం ఇళ్లలో తెలుగు, ఉర్దూ కలిసే వినిపిస్తాయి. ఇంటికి పేర్లూ అలాగే కలిశాయి. తెలుగులో పూరిల్లు కొట్టం, చదును కప్పుదైతే మిద్దె. ఉర్దూలో గోడలూ కప్పూ మకాన్. మనుషుల మమత కలిస్తే ఘర్. అరబీలో మకాన్ అంటే కేవలం చోటు. నివాసాన్ని మస్కన్ అంటారు. మనం నిత్యం కోరుకునే సుకూన్ కూడా ఆ ధాతువు నుండే పుట్టింది. దివ్యఖుర్‌ఆన్‌లో నహ్ల్ సూరా 80వ ఆయతు ఇంటిని గురించి, రూమ్ సూరా 21వ ఆయతు దాంపత్యాన్ని గురించి చెబుతూ ఇదే ధాతువును వాడాయి.

మిద్దె మీద మిద్దె కట్టుకున్నా, లోపల అత్తాకోడళ్ల మధ్య, అన్నదమ్ముల మధ్య పలకరింపు కరువైతే మనకు మిగిలేది మకాన్ మాత్రమే. ఈ సాయంత్రం ఇంట అడుగుపెడుతూ మనమే ముందుగా సలామ్ చెబుదాం.