డాష్‌బోర్డు దీపాల భాష



సుల్తానాబాద్, పెద్దపల్లి పరిసరాలలో నేడు ఎన్నో మధ్యతరగతి కుటుంబాలు పాత కారు ఒకటి కొనుక్కొని, పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ రాజీవ్ రహదారి మీదుగా కరీంనగర్, హైదరాబాద్ వెళ్లి వస్తున్నాయి. అయితే స్టీరింగు వెనుక వెలిగే చిన్న దీపాల భావం తెలిసినవారు తక్కువ. “బండి నడుస్తూనే ఉంది కదా” అని వాటిని పట్టించుకోకపోవడం పరిపాటి అయింది. ఆ నిర్లక్ష్యపు ఫలితాన్ని బండితోపాటు అందులో కూర్చున్న భార్యాబిడ్డలు కూడా అనుభవించవలసి వస్తుంది. అందువలన ఈ నెల ఆ దీపాల గురించి కొన్ని ముఖ్య విషయాలు తెలుసుకుందాం.

ముందుగా రంగులు. ఆకుపచ్చ, నీలం దీపాలు సాధారణంగా సమాచారం కోసమే. పసుపుపచ్చ దీపం వెలిగితే త్వరలో మెకానిక్‌కు చూపించాలి. ఎరుపు దీపం వెలిగితే బండిని సురక్షితమైన చోట వెంటనే ఆపాలి.

ఎరుపు దీపాలలో నాలుగింటిని ఇంటిల్లిపాదీ గుర్తుపట్టగలగాలి. మొదటిది నూనె డబ్బా గుర్తు. ఇంజన్‌లో ఆయిలు ఒత్తిడి పడిపోయిందని దీని అర్థం. ఇంజన్‌ను తక్షణం ఆపి, కొన్ని నిమిషాల తరువాత సమతలంపై ఆయిలు మట్టం చూడాలి. మట్టం సరిగా ఉన్నా దీపం ఆరకపోతే బండిని నడపరాదు. లాగించుకొని వెళ్లడమే మేలు. ఒత్తిడిని తెలిపే స్విచ్చి చెడిపోయినా ఈ దీపం వెలుగుతుంది గానీ, ఆ సంగతిని గేజీతో పరీక్షించిన మెకానిక్కే తేల్చాలి.

రెండవది బ్యాటరీ గుర్తు. నడుస్తున్న బండిలో ఇది వెలిగితే ఛార్జింగ్ ఆగిపోయిందని అర్థం. కొన్ని కార్లలో ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టే నీళ్ల పంపునూ తిప్పుతుంది. ఆ బెల్టు తెగితే ఇంజన్ కూడా వేడెక్కిపోతుంది. మూడవది ఉష్ణోగ్రత గుర్తు. మన ఎండాకాలంలో దీనిని తేలికగా తీసుకోరాదు. వేడిగా ఉన్న రేడియేటర్ మూతను ఎన్నడూ తెరవవద్దు. మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. నాలుగవది బ్రేకు గుర్తు. హ్యాండు బ్రేకు దించినా అది ఆరకపోతే బ్రేకు ఆయిలు తగ్గి ఉండవచ్చు. ఆయిలు పోసి ఊరుకోవద్దు. ప్యాడ్లు అరిగాయో, ఎక్కడైనా కారుతోందో చూపించండి.

పసుపుపచ్చ ఇంజన్ గుర్తు నిలకడగా వెలిగితే కొద్ది రోజులలో స్కానర్‌తో పరీక్ష చేయించాలి. అదే దీపం మిణుకుమిణుకుమంటే ఇంజన్‌లో ఇంధనం సరిగా మండడం లేదని అర్థం. వేగం తగ్గించి త్వరగా బండి ఆపాలి. స్కానర్‌తో కోడు చెరిపివేస్తే దీపం ఆరుతుంది, లోపం మాత్రం మిగిలే ఉంటుంది.

ఒకేసారి అనేక దీపాలు వెలిగి ఆరుతూ ఉంటే ఖరీదైన భాగాలు మార్పించే ముందు బ్యాటరీ టెర్మినళ్లు వదులయ్యాయేమో, తెల్లని పొర పట్టిందేమో, ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి. ఇంజన్ ఆపి కొంతసేపు ఉంచిన మంచి బ్యాటరీలో సుమారు 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టులు ఉంటాయి.

రాత్రి మీటరు వెలుతురే లేకపోతే మొదట వెలుతురు తగ్గించే మీటను చూడండి; పిల్లల చేయి తగిలి అది తిరిగి ఉండవచ్చు. తరువాత ఫ్యూజు చూడాలి. అనేక కార్లలో మీటరు వెలుతురూ వెనుక దీపాలూ ఒకే ఫ్యూజుపై ఉంటాయి. కనుక మీటరు చీకటైతే దిగి వెనుక దీపాలు తప్పక చూడండి. లారీలు తిరిగే దారిలో వెనుక దీపం లేని కారు ప్రాణాంతకం. 10 ఆంపియర్ల ఫ్యూజు స్థానంలో 10 ఆంపియర్లదే వేయాలి. పెద్ద ఫ్యూజు గానీ రాగితీగ గానీ పెడితే వైర్లు కాలి మంటలు రేగుతాయి.

పాత కారు కొనేవారు ఒక పరీక్ష చేయాలి. ఇంజన్ స్టార్టు చేయకుండా తాళంచెవిని ‘ఆన్’ వరకు తిప్పితే హెచ్చరిక దీపాలు వెలగాలి. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ దీపాలు కొన్ని క్షణాలలోనూ, ఆయిలు, బ్యాటరీ దీపాలు ఇంజన్ స్టార్టయ్యాకనూ ఆరిపోవాలి. ఏ దీపమైనా అసలు వెలగకపోతే అది చెడిపోయి ఉండవచ్చు, ఎవరైనా కావాలని తీసివేసి ఉండవచ్చు. ప్రమాదంలో తెరుచుకున్న ఎయిర్‌బ్యాగును మార్చక, దాని దీపాన్ని మాత్రం ఆర్పి అమ్మేవారూ ఉన్నారు. సరుకులోని లోపాన్ని దాచి అమ్మడం నిషిద్ధమని మనకు చిన్ననాటి నుంచే నేర్పుతారు. కారు అమ్మే సోదరులు ఆ దీపం సంగతి ధర మాట్లాడక ముందే చెప్పాలి. కొనేవారు సంకోచం లేకుండా అడగాలి. ఆ సీట్లలో కూర్చునేది తమ పిల్లలే.